పారబోయని నీళ్లు

జూన్ 8, ఆదివారం

మా వంటింట్లోకి తక్కెడ వచ్చింది. మా బిడ్డ ప్రియ తెచ్చింది. అరచేతంత గాజు పలక, మీద అంకెలు వెలుగుతాయి. దాని మీద గిన్నె పెట్టి పప్పు తూచాలట, అన్నం తూచాలట, ఆఖరికి బీరకాయ ముక్కలు కూడా తూచాలట. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో నా చెయ్యే కొలత. ఆ మాటే అన్నాను. ప్రియ నవ్వి, "నీ చెయ్యి మంచిదే అమ్మా. కానీ బాపు కిడ్నీకి లెక్క గావాలె" అంది.

ఈ డైరీ పోయిన దీపావళికి మా ఆయన పనిచేసే చోటి సేఠ్ మిఠాయి డబ్బాతో పాటు ఇచ్చింది. ఊరికే పడి ఉంది. మనసులో మాట ఇక్కడ ఎవరితో చెప్పుకున్నా కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టే. సూరత్‌లో ఈ అమ్రోలిలో మా సందంతా సిరిసిల్ల దిక్కువాళ్లే, పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఊరు చేరుతుంది. అందుకే ఇందులో రాసుకుంటున్నాను.

మొన్న కిడ్నీ డాక్టరు ఆయన రిపోర్టులు చూసి, రెండూ కలిపి పావు వంతే పనిచేస్తున్నాయన్నాడు. షుగరు ఇన్నేళ్లుగా లోపల్లోపల తినేసిందట. ఆ పావు వంతును కాపాడుకుంటే కొన్నేళ్లు నెట్టుకురావచ్చు, లేకపోతే డయాలిసిస్ అన్నాడు. మా ఆయనతో పాటు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసిన ఆగయ్య తమ్ముడు ఆ మిషను మీద ఏడాది కూడా బతకలేదు. తిరిగి వచ్చే దారిలో బస్సులో ఆయన నా చెయ్యి పట్టుకుని, "మిషను మీదికి మాత్రం నన్ను వోనియ్యకు ప్రమీలా" అన్నాడు. అంతమందిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ప్రియ అడాజన్‌లో ఒక క్లినిక్‌లో పనిచేస్తుంది. దాని చదువు పేరు ఫంక్షనల్ న్యూట్రిషన్. మందులతో పాటు తిండి, నిద్ర, మనసులోని దిగులు అన్నీ కలిపి చూస్తారట. రోగం ఎక్కడ మొదలైందో అక్కడికి పోయి వెతుకుతారట. డాక్టరును అడిగి, ఆయన సరేనన్నాకే బాపుకు తిండి పట్టిక రాసింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఆయన మాత్రం ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు.

అందులో అన్నిటికన్నా వింత సంగతి నీళ్లది. కూరగాయ ఏదైనా సన్నగా కోసి నానబెట్టాలి. ఆ నీళ్లు వంచేసి ఎక్కువ నీళ్లు పోసి ఉడికించాలి. ఆ నీళ్లూ పారబోయాలి. పప్పుకూ అంతే. కూరల్లో, పప్పుల్లో పొటాషియం అని ఒకటుంటుందట. బాగున్న మనిషి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుందట, ఆయనది పంపలేదట. అది రక్తంలో పేరుకుంటే గుండె ఉన్నపాటున ఆగిపోతుందట. ఉడికిస్తే అది నీళ్లలోకి దిగుతుంది కాబట్టి నీళ్లు పారబోయాలి. "పాణీ ఫేంకీ దేవాను. గిదొక్కటి మర్వకు అమ్మా" అని గుజరాతీ కలిపి రెండుసార్లు చెప్పింది. నేనేమైనా చెవిటిదాన్నా.

జూన్ 9, సోమవారం

పారబోశాను. పెసరపప్పు కట్టు పచ్చగా మోరీలోకి పోతుంటే గిన్నె వంచినదాన్ని వంచినట్టే నిలబడి చూశాను.

జూన్ 13, శుక్రవారం

మా అత్త వెంకటవ్వ చూసి ఉంటే నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టేది. సాంచాలు బందైన ఏడాది ఆమె ఒక సావుకారి ఇంట్లో వంట చేసింది. వాళ్లు గట్టి పప్పు తినేవాళ్లు. వంచిన కట్టును ఈమె కొంగు చాటున గిన్నెలో తెచ్చుకుని, చింతపండు పిండి చారు కాచి, నలుగురు పిల్లల్ని సాకింది. పప్పు వాళ్లకు పోతే పోయింది, సత్తువంతా మా ఇంటికి వచ్చిందని చెప్పుకుని నవ్వేది. ఆయన ఆ చారుతో పెరిగిన మనిషి. పదహారేళ్లకు సూరత్ రైలెక్కి వచ్చి సాంచాల ముందు నిలబడ్డాడంటే ఆ సత్తువే.

ఇవాళ పారబోయలేదు. పప్పు కట్టు, సొరకాయ ఉడికిన నీళ్లు కలిపి, చింతపండు పులుసు పోసి, వెల్లుల్లి, జీలకర్ర దంచి వేసి, ఎండుమిర్చి కరివేపాకుతో పోపు పెట్టాను. నాకూ ప్రియకూ. ఆయనకు కాదు. ఆయన రోగానికి నీళ్లు పారబోయాలి గానీ మా ఇద్దరికేం రోగం?

జూన్ 22, ఆదివారం

ప్రియకు చారు తెగ నచ్చింది. డబ్బాలో పోయించుకుని క్లినిక్‌కు కూడా పట్టుకుపోతోంది. అక్కడి గుజరాతీ పిల్లలు గిన్నె నాకేశారట. మంచిదే.

ఆయన పళ్లెం చూస్తే నాకే ఏడుపు వస్తుంది. తూచిన అన్నం, నీళ్లు వంచేసిన పప్పు, పిండేసిన గుడ్డలాంటి కూర. ఉప్పు చిటికెడు. పచ్చడి లేదు, చింతపండు లేదు, టమాటా లేదు. ఆయన తల వంచుకుని తింటాడు. ప్రియ పక్కనే కూర్చుని నిద్ర పట్టిందా, కాళ్లు వాచాయా అని అడుగుతుంది. పని దగ్గర కూడా సాంచాలు మానిపించి, కూర్చుని బట్ట తానులు, ఇక్కడి మాటలో తాకాలు, మడతపెట్టే పనికి మార్పించింది. బిడ్డ అడిగినవాటికి ఆయన బడిపిల్లాడిలా జవాబు చెబుతాడు. చారు పోపు వాసనకు తలెత్తి చూస్తాడు, మళ్లీ వంచుకుంటాడు.

జూలై 5, శనివారం

రిపోర్టులు వచ్చాయి. షుగరు దిగింది, బీపీ దిగింది, పొటాషియం హద్దులోకి వచ్చింది. డాక్టరు ప్రియతో చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు. ఇట్లాగే నడిస్తే డయాలిసిస్ మాట ఇప్పట్లో ఎత్తనన్నాడు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

సాయంత్రం ఆగయ్య వచ్చి, ఏం మందు తింటున్నావురా మొఖం తేటగా ఉంది అని అడిగాడు. ఆయన మురిసిపోయి, "మందు కాదన్నా. అంత మా బిడ్డ చెయ్యి" అన్నాడు. నేను అప్పుడే చాయ్ కప్పులతో గదిలోకి వచ్చాను. నన్ను చూసి కూడా ఆ మాటే మళ్లీ అన్నాడు. కూరలు కోసిందెవరు, నానబెట్టిందెవరు, పొయ్యి ముందు నిలబడిందెవరు? కన్నబిడ్డ మీద కుళ్లు ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. కుళ్లు కాదు. కొంచెం బాధ, అంతే.

జూలై 9, బుధవారం

సగమే తిన్నాడు.

జూలై 11, శుక్రవారం

ఇవాళా సగమే. బట్టలు వదులయ్యాయి.

జూలై 13, ఆదివారం

ప్రియ స్నేహితురాలి పెళ్లికని కిమ్ అనే ఊరు వెళ్లింది. పొద్దున్నుంచి ఒకటే వాన. మేమిద్దరమే ఉన్నాం. పళ్లెం పెట్టాను. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేసి, పొయ్యి వైపు చూస్తూ, "ప్రమీలా, జర చారు పొయ్యి" అన్నాడు.

వద్దన్నాను. బిడ్డకు తెలిస్తే చంపుతుందన్నాను. ఆయన గొడవ పెట్టుకోలేదు, బతిమాలలేదు. సరేనని చెయ్యి కడుక్కోబోయాడు. అదే నేను చూడలేకపోయాను. ఒక గరిటె పోశాను.

అన్నమంతా తిన్నాడు. పళ్లెం వేళ్లతో ఊడ్చాడు. చాలా రోజుల తర్వాత త్రేన్పు వచ్చింది. "మా అవ్వ యాదికొచ్చింది" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో రాయడానికి సిగ్గుగా ఉంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. ఈ ఇంట్లో వైద్యురాలు ఒకటి ఇస్తుంటే రోగి ఇంకొకటి కోరాడు. కోరింది నన్ను.

జూలై 14, సోమవారం

పోయలేదు.

జూలై 15, మంగళవారం

పోశాను. ఒక్క గరిటె.

జూలై 27, ఆదివారం

ఆయన పని నుంచి వచ్చేసరికి ప్రియ ఇంకా రాదు. ఆ వేళకు స్టీలు గ్లాసులో వేడిగా పోసి ఇస్తాను. ఆయన చారులో ఉప్పు అసలు వేయను. ఉప్పే కదా చెడ్డది. అయినా ఉడికిన నీళ్లను నేను మళ్లీ పొంగేదాకా మరిగిస్తున్నాను. నీళ్లు మరగకాచి తాగితే రోగం రాదని ఇక్కడ కార్పొరేషన్ వాళ్లే వానాకాలం వచ్చిందంటే మైకుల్లో చెబుతారు. ఏ పొటాషియమైనా అంత మంట మీద బతుకుతుందా?

తాగాక మనిషి కళ తిరుగుతుంది. కబుర్లు చెబుతాడు. పెళ్లైన కొత్తలో తాపీ నది ఒడ్డుకు తీసుకుపోయి నాకు మొదటిసారి లోచో తినిపించిన సంగతి ఇవాళ గుర్తు చేశాడు. నాకది నచ్చలేదని ఇన్నాళ్లకు చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. గ్లాసు కడిగి బోర్లించాక ప్రియ వచ్చింది. దొంగతనమేమీ కాదు. అడిగితే చెప్పేదాన్నే.

ఆగస్టు 10, ఆదివారం

పొటాషియం పెరిగింది. డాక్టరు ఒక పొడి రాసి, జాగ్రత్తగా ఉండమని, పదిహేను రోజుల్లో మళ్లీ రక్తం చూపించమని చెప్పాడు.

ప్రియ పట్టిక ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి డబ్బాలన్నీ తీసి చూసింది. చారు గిన్నె మూత కూడా తీసింది, మాకే కదా అని మళ్లీ పెట్టేసింది. "నీళ్లు పారబోస్తున్నవ్ కదా అమ్మా?" అని అడిగింది.

పారబోస్తున్నానని చెప్పాను. అబద్ధం కాదు. ఆయన పప్పులోంచి, ఆయన కూరలోంచి ఒక్క చుక్క మిగల్చకుండా వంచుతాను. ఆయన గోడకానుకుని కూర్చుని మా ఇద్దరినీ చూస్తున్నాడు.

ప్రియ పట్టికలోంచి ఇంకో రెండు కూరలు కొట్టేసింది. పాపం, తన లెక్కే ఎక్కడో తప్పిందనుకుంటోంది.

ఆగస్టు 12, మంగళవారం

మానేశాను. అత్త మీద ఒట్టు.

ఆగస్టు 16, శనివారం

మూడు రోజులుగా తిండి పక్కన పెట్టేస్తున్నాడు. నీరసంతో మెట్లెక్కలేకపోతున్నాడు. ఒట్టు పెట్టుకున్నది చచ్చిపోయిన మనిషి మీద. బతికున్న మనిషి మాడుతుంటే ఆమె మాత్రం ఊరుకుంటుందా? పోశాను. చింతపండు తగ్గించాను.

ఆగస్టు 24, ఆదివారం

కాళ్లు బరువుగా ఉన్నాయంటున్నాడు. ఖాతాలో, అదే మగ్గాల కార్ఖానాలో, పొద్దంతా కూర్చోవడం వల్లనేమో. రక్తం రేపు ఇవ్వాలి. పని వదిలి రాలేనని వచ్చే ఆదివారానికి తోశాడు. నేనూ గట్టిగా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగించాను. రిపోర్టు వస్తే కళ్లు తెరవాలి.

సెప్టెంబర్ 3, బుధవారం

శనివారం ఆయన ఖాతాలో తాకాలు మడతపెడుతూ కూలబడ్డాడు. కాళ్లు కదలలేదట. ఆగయ్యా ఇంకొకతనూ రిక్షాలో ఆసుపత్రికి తెచ్చారు. నేను వెళ్లేసరికి లోపల మిషను పెట్టారు. మెడ దగ్గర గొట్టం. గుండె కొట్టుకోవడం సగానికి పడిపోయిందట. పొటాషియం అంత పైకి పోయి బతికిన మనిషిని తక్కువగా చూశామన్నారు. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. బయట గణపతి డప్పులు, లోపల ఆయన పక్కన మిషను మోత. నాకు రెండూ ఒకటే మోతగా వినబడ్డాయి.

సోమవారం ఆయన కళ్లు తెరిచి మాట్లాడాడు. డాక్టరు వచ్చి అందరి ముందూ ప్రియను నిలబెట్టాడు. ఏం తిండి పెట్టావు, ఏ చదువు చదివావు, నేను నమ్మి నీకప్పగిస్తే ఇదా అని హిందీలో కడిగేశాడు. ప్రియ ఫోన్‌లో పట్టిక తీసి చూపించబోయింది. డాక్టరు దాని వైపు చూడలేదు. నర్సులు చూస్తున్నారు. అటు పక్క మంచం వాళ్లు చూస్తున్నారు. నేను టిఫిన్ సంచి పట్టుకుని మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాను.

చెబుదామని నోరు తెరిచానో లేదో నాకు గుర్తులేదు. తెరిచాననే అనుకుంటున్నాను.

అప్పుడు ఆయన, "బిడ్డనేమనకు సాబ్" అన్నాడు. డాక్టరు వినిపించుకోలేదు. మళ్లీ అన్నాడు. ఖాతా గేటు దగ్గర రోజూ కొబ్బరినీళ్లు తాగానని, బిడ్డకు తెలియకుండా తాగానని, అరటిపళ్లు కూడా తిన్నానని చెప్పాడు. డాక్టరు తల పట్టుకున్నాడు. కిడ్నీ మనిషికి కొబ్బరినీళ్లు విషంతో సమానం కదా అన్నాడు.

ప్రియ ఆయన్ని చూసింది. అంతవరకు ఏడవనిది అప్పుడు ఏడ్చింది. "నాతోని గూడ ఝూట్ మాట్లాడినవా బాపు" అంది. అంతే, బయటికి వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 4, గురువారం

ఆయన జన్మలో అరటిపండు ముట్టలేదు. వాసన పడదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఇంటికి వచ్చాం. కిడ్నీలు మళ్లీ తేరుకోలేదు. ఇక వారానికి రెండు రోజులు మిషనే, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. ఏడాదికో రెండేళ్లకో ఎట్లాగూ వచ్చేదేనని, కొంచెం ముందొచ్చిందని డాక్టరు నన్ను ఓదార్చాడు. ఆ ఏడాదిని, ఆ రెండేళ్లను నేను గ్లాసులో పోసి తాగించేశాను. ఇందులోనైనా తిన్నగా రాసుకోవాలి కదా.

ఇవాళ డయాలిసిస్ నుంచి రిక్షాలో వస్తుంటే అడిగాను, కొబ్బరినీళ్లని ఎందుకు చెప్పావని.

ఆయన బయటికి చూస్తూ, "డాక్టర్ బిడ్డను అంటుండె. నువ్వు మాట్లాడుతవేమో అని నీ దిక్కు జూసిన. నువ్వు సంచి పట్టుకొని నిలవడ్డవ్. గందుకే నేనే జెప్పిన" అన్నాడు.

కోపంగా అనలేదు. నాకు కోపంగా అన్నా బాగుండేది. చారుతోనే ఇట్లా అవుతుందని నీకు తెలుసా అని అడిగాను.

"తెల్వకేంది? బిడ్డ నీకు జెప్పిననాడు నేను ఆడనే గూసున్న గద."

"మరి ఎందుకు తాగినవ్?"

"నువ్వు పోస్తుంటివి."

రిక్షా అమ్రోలి వంతెన ఎక్కాక నేను, ఇంటికి పోగానే ప్రియకు అంతా చెప్పేస్తానన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "జెప్పకు. నా మీద కోపముంటే నేను వోయినంక తగ్గుతది. నీ మీదికొస్తే, ఎన్క నీకెవలున్నరు?" అన్నాడు.

సెప్టెంబర్ 16, మంగళవారం

ప్రియ బాపుకు అన్నీ చేస్తుంది. మందులు ఇస్తుంది, సూది వేస్తుంది, గొట్టం దగ్గర కట్టు తడవకుండా చూస్తుంది. మాట మాత్రం లేదు. గ్లాసు పెట్టి పోతుంది. ఆయన కళ్లు ఆమె వెంట తలుపు దాకా పోయి తిరిగి వస్తాయి. రోజుకు ఎన్నిసార్లో.

నేను చెప్పలేదు. ఆయనే వద్దన్నాడు.

సెప్టెంబర్ 24, బుధవారం

సందులో బతుకమ్మ ఆడుతున్నారు. నేను పోలేదు. ఆడవాళ్లు వచ్చి పిలిచి, ఇట్లాంటి మొగుణ్ని పెట్టుకుని ఎంత ఓపిక పడుతున్నావమ్మా, నోరు కట్టుకోలేని మనిషాయె అని నా మీద జాలిపడి పోయారు. ఆయన లోపల పడుకుని వింటున్నాడు. నేను వాళ్లకు కుంకుమ పెట్టి పంపాను.

ప్రియ క్లినిక్ మానేస్తానంటోంది. పైనున్న సార్ మానొద్దన్నాడట. ఇంట్లో ఉన్న ఒక్క మనిషి తనను మోసం చేస్తే కనిపెట్టలేనిదాన్ని, బయటివాళ్ల రోగం మూలం ఏం కనిపెడతానని నాతో అంది. నెలాఖరుతో సరి అట. ఖాతాలో మడతపెట్టే పనికైనా పోతానంది, ఏ చీరల దుకాణంలోనైనా నిలబడతానంది. ఆయన సాంచాల ముందు నిలబడి చదివించిన చదువది.

కంచే చేను మేసినట్టయింది. ఒక్క చేను కాదు, రెండు.

అక్టోబర్ 3, శుక్రవారం

ఇవాళ మిషను మీద ఆయనకు కాలి పిక్కలు పట్టేశాయి. మనిషి మంచం మీద విలవిల్లాడాడు. నేను ఒక వైపు, ప్రియ ఒక వైపు ఉన్నాం. నొప్పికి ఆయన చెయ్యి చాచి ప్రియ చెయ్యి పట్టుకోబోయాడు. ప్రియ చెయ్యి వెనక్కి తీసుకుని నర్సును పిలవడానికి వెళ్లింది. నర్సును పిలవాల్సిందే, తప్పు కాదు. కాని ఆ చెయ్యి కాసేపు అట్లా గాల్లో ఉండిపోయింది. తర్వాత నేను పట్టుకున్నాను. నాది కాదు ఆయన వెతికింది.

నేను పోయాక తగ్గుతుంది అన్నాడు. పోయాక తగ్గి ఎవరికి లాభం?

అక్టోబర్ 5, ఆదివారం

చెప్పాను.

వంటింట్లో ప్రియ ఆయనకు పప్పు తూస్తోంది. తలుపు దగ్గరికి వేసి, కొబ్బరినీళ్లు అబద్ధమని, చారు నిజమని, ఎప్పుడు మొదలుపెట్టానో ఎట్లా చేశానో ఒక్క మాట దాచకుండా చెప్పాను. నువ్వు డబ్బాలు వెతికిన రోజు చారు మన ఇద్దరికే అని నిన్ను అనుకోనిచ్చానని కూడా చెప్పాను. ఆయన అడిగాడు కాబట్టి పోశానని అనలేదు. అది నిజమే గానీ అనలేదు.

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ప్రియ తక్కెడ ఆపేసి, దాని వైపే చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా, "నేను రోజూ డబ్బాల పట్కపోయి తిన్న. దేంతోని చేసినవ్ అని ఒక్కనాడు అడగలే" అంది. ఎంత వద్దని చెప్పినా ఆ మాటే పట్టుకుంది. ఈ ఇంట్లో కట్టు పారబోయరని తెలియకుండా పెరిగానా అంది. వచ్చే ప్రతి పేషెంటునూ మీ ఇంట్లో వంట ఎట్లా చేస్తారని అడిగేదాన్ని, మా ఇంట్లో అడగలేదంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా కూతురు తన పిడికెడు తానే తీసుకుంది. అది నాది, దాని చేతిలో చూడటం నాకు పడిన శిక్ష.

తర్వాత ఆయన దగ్గరికి వెళ్లింది. మంచం మీద కూర్చుని, ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిక్కలు ఒత్తింది. "బాపు" అని పిలిచింది. ఆయన ఏడ్చాడు. ఆమె భుజం మీది నుంచి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. చెప్పొద్దన్నది చెప్పాను కదా.

అక్టోబర్ 8, బుధవారం

వంట ప్రియ చేస్తోంది. నన్ను లోపలికి రావద్దని అనలేదు, నేనే పోవడం లేదు. బాపూ కూతురూ మాట్లాడుకుంటున్నారు, నవ్వు కూడా వినబడింది. నాతో అవసరమైన మాటలే. పళ్లెం పెడుతుంది. నేనూ ఆయన తిండే తింటున్నాను. చప్పగా ఉంది. ఇదే ఆయన వేసవి నుంచి తిన్నది.

అక్టోబర్ 14, మంగళవారం

ప్రియ క్లినిక్ మానే మాట వెనక్కి తీసుకుంది. ఇవాళ మళ్లీ మొదలు. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, "నువ్వే వండు అమ్మా. బాపు నా చేతిది తింటలేడు, కక్కుతుండు" అంది.

ఇన్నాళ్లకు పొయ్యి ముట్టించాను. సొరకాయ కోసి నానబెట్టి ఉడికించాను. పప్పు వేరే పొయ్యి మీద పెట్టాను. ప్రియ బ్యాగు భుజానికి వేసుకుని, తల దువ్వుకుని, అన్నీ సర్దుకుని కూడా కదల్లేదు. వంటింటి గుమ్మంలో నిలబడింది. బస్సుకు ఆలస్యమవుతుందన్నాను. పర్వాలేదంది. ఉడికాక గుడ్డతో గిన్నె పట్టుకుని మోరీ దగ్గరికి వచ్చాను. ఆమె చూపు గిన్నె మీదే ఉంది. అప్పుడు తెలిసింది ఎందుకు నిలబడిందో.

"ఇగ దినాం గిట్లనే నిలవడ్తవా?" అని అడిగాను. చిరాగ్గా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాను.

ప్రియ కళ్లు దించుకోలేదు. "బాపు ఉన్నన్ని దినాలు నిలవడ్త అమ్మా" అంది.

నేను గిన్నె వంచాను.